ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? జనంలో నలిగిపోకుండా ఇంటికి రావడం ఎలాగో చూడండి

చలికాలం వచ్చిందంటే మన వైపు, అంటే ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఇటు బరంపురం చుట్టూ, ఏదో ఒక ఊళ్ళో ఫుట్‌బాల్ టోర్నమెంట్ నడుస్తూనే ఉంటది. కొన్ని చోట్ల కప్పుతో పాటు మేకపోతు కూడా ప్రైజు, ఇక ఫైనల్ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆటోలెక్కి ట్రాక్టర్లెక్కి అక్కడే దిగిపోతాయి. చేతిలో కాస్త డబ్బులున్నోళ్ళు రైలెక్కి భువనేశ్వర్ కళింగ స్టేడియానికీ వెళ్ళొస్తున్నారు. వెళ్ళండి, గ్రౌండ్లో కూర్చుని చూస్తేనే ఆట. కాకపోతే వేలమంది ఒకే గేటు మీద పడే చోటుకి వెళ్తున్నప్పుడు కొన్ని పనులు ఇంట్లోనే చేసుకోవాలి, కొన్ని అక్కడ చెయ్యాలి, కొన్ని చచ్చినా చెయ్యకూడదు, అవే వరసగా చెప్తాను. చివర్లో టోర్నమెంట్ పెట్టే కమిటీ కుర్రాళ్ళకీ ఉంది, వాళ్ళు పైదంతా ఒగ్గేసి సరాసరి అక్కడికి దూకేయొద్దు.

ముందు, మనుషులు ఎలా పోతారో తెలుసుకోండి

జనం పరిగెత్తారు, కొందరు కిందపడ్డారు, మిగతావాళ్ళు తొక్కేశారు అనుకుంటాం కదా. అలాంటివీ జరుగుతాయి గానీ స్టేడియాల్లో పోయినోళ్ళలో చాలామంది నిలబడ్డ చోటే, నిలబడే, ఊపిరాడక పోయారు. ఊపిరి వదిలినప్పుడు ఛాతీ కొంచెం లోపలికెళ్తుంది, ఆ జాగాని ముందూ వెనకా ఉన్నోళ్ళ బరువు వెంటనే పట్టేసుకుంటుంది, మళ్ళీ పీల్చుకుందామంటే ఛాతీ విచ్చుకోడానికి చోటుండదు. అరవడానికి కూడా గాలుండదు, అందుకే నాలుగడుగుల దూరంలో ఉన్నోడికి కూడా పక్కన మనిషి పోతున్నాడని తెలీదు.

1989 ఏప్రిల్ 15, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరు, హిల్స్‌బరో స్టేడియం. లివర్‌పూల్‌కీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ వైపు నిలబడి చూసే టికెట్లు పది వేల పైచిలుకు అమ్మారు, వాళ్ళందరూ లోపలికెళ్ళడానికి పెట్టిన తిరుగుడు గేట్లు 7. మూడింటికి ఆట. రెండున్నర దాటినా వేలమంది బయటే ఉన్నారు, ఆ గేట్ల దగ్గరే నలిగిపోతున్నారు, దాంతో 2 గంటల 52 నిమిషాలకి పోలీసులు పక్కనున్న పెద్ద ఎగ్జిట్ గేటు తీయించారు. తీశారు సరే, ఆ గేటుకి ఎదురుగా ఒక సొరంగం లాంటి దారి ఉంది, అది నేరుగా మధ్యలో కంచెలు కట్టిన రెండు అరల్లోకి పోతుంది, అవేమో అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. అటూ ఇటూ ఉన్న పక్క అరల్లో జాగా ఉంది! కానీ సొరంగం మూసినోడు లేడు, పక్కకి పొమ్మని చెయ్యి చూపించినోడు లేడు. లోపలికొచ్చినోళ్ళు ముందుకి నడిచారు, ముందున్నోళ్ళకి ఎదురుగా ఇనప కంచె. టైముకి మ్యాచ్ మొదలెట్టేశారు కూడా, 3 గంటల 6 నిమిషాలకి గానీ ఆపలేదు. మొత్తం 97 మంది పోయారు, అందులో పదేళ్ళ పిల్లాడు ఉన్నాడు, ఆ రోజు దెబ్బతిన్న చివరాయన 2021లో పోయాడు.

తర్వాత ఏళ్ళ తరబడి పోలీసులు చెప్పిందేంటంటే, అభిమానులు తాగొచ్చి ఎగబడ్డారు అని. అది అబద్ధమని, అభిమానుల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ తేల్చేదాకా ఆ కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి, 27 ఏళ్ళు. ఇక్కడా అంతే కదా, ఏదైనా అయితే మర్నాడు పేపర్లో మొదటి మాట "జనం ఒక్కసారిగా ఎగబడ్డారు". ఎగబడకుండా దారెవరు పెట్టాలి బావూ?

సరే, అదలా ఉంచి మీరు గుర్తుపెట్టుకోవాల్సింది చెప్తా. వెనకోడికి ముందు సంగతి తెలీదు, కాబట్టి వెనక నుంచి తోస్తున్నోడిని తిట్టుకుని లాభం లేదు. ఇంకోటి, మధ్యలో చావు జరుగుతున్నప్పుడు కూడా పక్కన ఖాళీ ఉండొచ్చు. కింద చెప్పేదంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది.

ఇంట్లో చేసే చిన్న టెస్టు

సుద్దముక్క తీసుకుని నేల మీద మీటరు పొడుగు మీటరు వెడల్పు గడి గీయండి, మన లెక్కలో మూడడుగుల మూడంగుళాలు ఒక్కో వైపు. ఇంట్లో పెద్దోళ్ళని ఇద్దర్ని అందులో నిలబెట్టండి, హాయిగా ఉంటది. నలుగురు నిలబడితే భుజాలు తగులుతాయి గానీ తిరగగలరు, చెయ్యెత్తి తల గోక్కోగలరు. ఐదోవాళ్ళని ఎక్కించండి, అప్పుడే నవ్వులు తగ్గుతాయి. ఆరుగురు, ఏడుగురు అయ్యేసరికి చెయ్యి పైకి రాదు, ఒకరు కదిలితే అందరూ కదలాల్సిందే. గ్రౌండ్లో సరిగ్గా ఇదే జరుగుతుంది, ఆరేడుగురు దాటాక మనిషి ఇష్టం అంటూ ఏమీ ఉండదు, జనం మొత్తం నీళ్ళలా అలలు అలలుగా ఊగుతుంది, కాళ్ళు నేలని వదిలేస్తాయి కూడా, ఇనప రెయిలింగులే వంగిపోతాయి. పిల్లల్ని కూడా ఈ టెస్టులో పెట్టండి, వాళ్ళ మొహం సరిగ్గా పెద్దోళ్ళ నడుం దగ్గరికి వస్తుంది, ఆ ఎత్తులో గాలి ఎలా ఉంటుందో వాళ్ళనే అడగండి. ఈ టెస్టు ఎందుకంటే రేపు అక్కడ నిలబడ్డప్పుడు కళ్ళతో లెక్కపెట్టే పని లేకుండా ఒంటికే తెలిసిపోతుంది, ఇది నలుగురు, ఇది ఐదుగురు అని.

బయల్దేరే ముందు

చెప్పులు వద్దు, పట్టీ ఉన్నవో బూట్లో వేసుకోండి. ఆడవాళ్ళు చున్నీ, పైట కొంగు బిగించి దోపుకోండి, వేలాడే బ్యాగు తేవద్దు. పిల్లల ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి, కాగితం మీద రాసి జేబులో పెడితే చొక్కాతో పాటే పోద్ది. ఐదేళ్ళ లోపు గుంటల్ని ఫైనల్‌కి తీసుకెళ్ళొద్దు అంటాను నేను, లీగ్ మ్యాచ్‌లకి తీసుకెళ్ళండి, ఖాళీగా ఉంటది, వాళ్ళకీ ఆట కనపడుద్ది.

తప్పిపోతే కలుసుకునే చోటు ఇంట్లోనే అనుకోవాలి. గేటు దగ్గర అని చెప్పుకుంటారు అందరూ, అది అన్నింటికంటే చెత్త చోటు, అందరూ అక్కడే పడతారు. గ్రౌండ్‌కి కనీసం రెండొందల అడుగుల దూరంలో, రోడ్డు దాటాక, వాటర్ ట్యాంకో, టీ కొట్టో, ఏదో ఒకటి అనుకోండి. అంతమంది జనంలో ఫోన్ కలవదు, అది ఖాయం అనుకునే ప్లాన్ చేసుకోండి.

గేటు దగ్గర

మ్యాచ్ మొదలవ్వడానికి గంట ముందైనా చేరండి. హిల్స్‌బరోలోనూ ఇంకెన్నో చోట్లా కథ మొదలైంది ఆఖరి అరగంటలోనే, లోపల ఈల వినపడితే, గోల్ అని కేక వినపడితే బయటున్నోడి కాళ్ళు ఆగవు. ఆలస్యమైందా, మొదటి పది నిమిషాలు పోయినా పర్లేదనుకుని టీ తాగండి, గేటు ఖాళీ అయ్యాక వెళ్ళండి. ఆ పది నిమిషాల ఆట ఎవడో ఒకడు వాట్సాప్‌లో పెడతాడు లెండి.

లోపలికి అడుగు పెట్టగానే వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. మనుషులు వచ్చిన దారినే పోవాలనుకుంటారు, అందరూ అదే అనుకుంటారు, దాంతో మిగతా గేట్లు ఖాళీగా ఉండి ఒకటే నిండిపోతుంది. కాబట్టి రెండో గేటు ఎక్కడుందో వెతకండి, ఉంటే అక్కడి దాకా నడిచి వెళ్ళి చెయ్యేసి చూడండి, తాళం ఉందా, బయటికి తెరుచుకుంటుందా, దానికి అడ్డంగా బైకులు పెట్టారా. మన దగ్గర తొంభై శాతం ఉండేది ఇదే సమస్య, గేటు తీసే ఉంటది గానీ దాని ముందు నలభై బైకులూ, వాటి మధ్యలో గుప్‌చుప్ బండీ, అదే పానీపూరీ బండీ, దాని చుట్టూ పదిమందీ. గుప్‌చుప్ తినండి, కాదనను, బండి మాత్రం పక్కకి జరపమని ఒక మాట చెప్పి తినండి.

ఉన్నది ఒకే గేటు, దానికీ తాళం వేసేశారు అనుకోండి. కమిటీ వాళ్ళని పిలిచి తాళం ఎవరి దగ్గరుందో అడగండి. "ప్రెసిడెంట్ గారి దగ్గర" అని చెప్పి, ఆ ప్రెసిడెంట్ ఎక్కడున్నాడో చెప్పలేకపోతే పిల్లల్ని తీసుకుని వచ్చేయండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎక్కడ నిలబడాలి

గోల్‌పోస్ట్ వెనక కంచెకి ఆనుకుని నిలబడొద్దు, కుర్రాళ్ళందరికీ అక్కడే ఇష్టం, గోల్ పడగానే అందరూ అక్కడికే పడతారు. గోడ, దడి, స్తంభం, మెట్ల మొదలు, ఇరుకు సందు చివర, ఇవన్నీ మీ వెనక దారి మూసేసేవే. గ్రౌండ్ పొడుగు వైపు, జనానికి అంచున, పక్కకి నాలుగడుగులేస్తే ఖాళీ దొరికే చోటు చూసుకోండి. ఆట కాస్త వంకరగా కనపడుద్ది, అంతే.

వెదురు గేలరీ కట్టి ఉంటే దాని కింద ఒకసారి వంగి చూడండి. తాళ్ళు కొత్తవా, వెదురు చీలిందా, అడ్డ కర్రలు ఏటవాలుగా కట్టారా లేక నిలువు కర్రలు మాత్రమే ఉన్నాయా. 2022 మార్చిలో కేరళ మలప్పురంలో సెవెన్స్ ఫుట్‌బాల్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే మ్యాచ్ జరుగుతుండగా ఇలాంటి తాత్కాలిక గేలరీ కూలి చాలామందికి దెబ్బలు తగిలాయి. ఏటవాలు కర్రలు లేని గేలరీ, జనం ఒకేసారి లేచి నిలబడితే పక్కకి ఒరుగుతుంది. అలాంటిది కనపడితే కింద నేల మీదే కూర్చోండి.

ఎప్పుడు వచ్చేయాలి

ఇదే అసలైన మెట్టు, ఇక్కడ తప్పితే మిగతావి అక్కరకి రావు అనుకోండి. జనం బిగిసిపోయాక బయటపడటం మీ చేతిలో ఉండదు, కాబట్టి చేతులు ఇంకా ఆడుతున్నప్పుడే నిర్ణయం అయిపోవాలి. నా లెక్క ఏంటంటే, చుట్టూ నాలుగు వైపులా మనుషులు మీ ఒంటికి తగులుతున్నారా, అప్పుడు వచ్చేయండి. చెయ్యెత్తి మొహం తుడుచుకోలేకపోతున్నారా, మీరు అప్పటికే లేటు. అడుగు వెయ్యకుండానే ఒళ్ళు ముందుకో పక్కకో ఊగిందా, అది అల, మొదటి అల తర్వాత సందు దొరగ్గానే పక్కకి కదలడం మొదలెట్టాలి. ముందు నుంచి "వెనక్కి, వెనక్కి" అని అరుపులు వినిపిస్తే గొడవేదో చూద్దామని మెడ చాచొద్దు.

టికెట్ డబ్బులు పోతాయనో, పెనాల్టీలు వస్తాయనో, బావమరిది నవ్వుతాడనో ఆగిపోతాం. ఏటవుద్దిలే అనే మాట నాలుక మీదకి వచ్చిందంటే అదే టైము, లేవండి.

బయటికి వచ్చేటప్పుడు జనానికి ఎదురీదొద్దు. జనం వచ్చే దిక్కుకి అడ్డంగా, ఏటవాలుగా, ఇద్దరి మధ్య సందులోంచి, కాస్త ముందుకి కాస్త పక్కకి కదులుతూ అంచుకి చేరండి.

ఇరుక్కుపోయారు అనుకోండి

రెండు చేతులూ ఛాతీ ముందుకి తెచ్చుకోండి, పిడికిళ్ళు గడ్డం కింద, మోచేతులు పక్కటెముకలకి కొంచెం దూరంగా, బాక్సింగ్ చేసేవాడి మాదిరి. ఛాతీకీ ముందున్న వీపుకీ మధ్య ఆ అరడుగు జాగాయే మీ ఊపిరి. చేతులు కిందకి ఉన్నప్పుడే బిగిసిపోతే మళ్ళీ పైకి రావు, అందుకే అనుమానం రాగానే ఎత్తేయాలి. ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి, మోకాళ్ళు కాస్త వదులుగా. అల వస్తే ఎదురు నిలబడి తోయొద్దు, దాంతో పాటు వెళ్ళండి, అల ఆగి వెనక్కి వచ్చే క్షణంలో పక్కకి ఒకటి రెండడుగులు సంపాదించండి, మళ్ళీ అల, మళ్ళీ రెండడుగులు, అలా. అరవొద్దు, అరిస్తే ఊపిరి వదులుతారు, మళ్ళీ పీల్చుకోడానికి జాగా ఉండదు. తల పైకెత్తి ముక్కుతో చిన్నగా తీసుకోండి, పైన గాలి కాస్త చల్లగా ఉంటది.

ఫోన్ పడిపోయిందా, చెప్పు జారిందా, ఒగ్గేయండి. వంగినవాళ్ళు లేవలేదు చాలా చోట్ల. మీ పక్కన ఎవరైనా పడితే పక్కనున్న ఇద్దరు ముగ్గురు కలిసి చంకల కింద చేతులేసి వెంటనే లేపండి, ఒక మనిషి పడితే అక్కడ గుంట పడినట్టే, వెనకోళ్ళు దాంట్లోకే పడతారు. మీరే పడి లేవలేకపోతే వెల్లకిలా, బోర్లా పడుకోకండి, ఎడమ పక్కకి తిరిగి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని రెండు చేతులతో తల కప్పుకోండి, ఛాతీ మీద నేరుగా బరువు పడదు.

పిల్లలుంటే చెయ్యి పట్టుకుని లాగడం దండగ, ఇద్దరి మధ్యా మనుషులు దూరి చెయ్యి జారిపోతుంది. ఎత్తుకోండి, మీ భుజాల కంటే పైకి, పిల్లాడి ఛాతీ జనం ఒత్తిడికి పైన ఉండేలా. పక్కన గేలరీ మీదో కంచె మీదో ఎవరైనా చెయ్యి చాస్తే పిల్లల్ని అందించేయండి, మీరు తర్వాత వెతుక్కోవచ్చు, ముంజేతి మీద నంబర్ ఉంది కదా.

చుట్టూ ఉన్నోళ్ళతో మాట్లాడండి, తిట్టకుండా. మన వైపు గ్రౌండ్లో తెలుగోళ్ళుంటారు, ఒడియా వాళ్ళుంటారు, సవర వాళ్ళుంటారు. "వెనక్కి జరగండి" అని తెలుగులో చెప్తే సగంమందికే ఎక్కుద్ది, "పొఛొకు ఘుంచొంతు" అని కూడా అనండి, "ఠెలొ నాహి" అంటే తోయొద్దు అని. ముందున్నోడు వెనకోడికి, వాడు వాడి వెనకోడికి, నోటి మాటగా వెనకదాకా పోవాలి, ఎందుకంటే ఆపగలిగేది ఆఖర్న ఉన్నోడే.

గ్యాస్ వదిలితే

2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలో మలాంగ్ ఊరి కంజురుహాన్ స్టేడియం. అరెమా జట్టు సొంత గ్రౌండ్లో పెర్సెబాయా చేతిలో 3-2తో ఓడిపోయింది, కొందరు గ్రౌండ్లోకి దిగారు, పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, గ్రౌండ్లోకే కాదు, పిల్లలతో కూర్చున్న గేలరీల మీదకి కూడా. 38 వేలమంది పట్టే చోట 42 వేల టికెట్లు అమ్మారు. కళ్ళు మండి అందరూ గేట్ల వైపు మెట్లు దిగారు, గేట్లు ఇరుకు, కొన్ని సరిగ్గా తెరిచి లేవు. 135 మంది పోయారు. స్టేడియంలో గ్యాస్ వాడకూడదని ఫిఫా నిబంధనల్లోనే ఉంది. 1964 మే 24న పెరూ రాజధాని లిమాలో కూడా సరిగ్గా ఇదే, పెరూ అర్జెంటీనా మ్యాచ్, గ్యాస్, మెట్ల కింద మూసేసిన ఇనప షట్టర్లు, 328 మంది. 58 ఏళ్ళ తేడాలో రెండు చోట్లా అదే కథ, గ్యాసూ, మూసిన తలుపూ.

అంచేత గ్యాస్ పడితే ముక్కుకి తడి గుడ్డ పెట్టుకుని, కళ్ళు నలపకుండా, గాలి ఎటు నుంచి వస్తుందో అటు, మెట్ల పై వైపుకో పక్కకో జరగండి. అందరూ దిగుతున్న మెట్ల మీదకి పోవద్దు. గ్యాస్ కొన్ని నిమిషాల్లో పలచబడుతుంది, కళ్ళు మండుతాయి, దగ్గొస్తుంది, భయమేస్తుంది, అయినా మూసిన గేటు ముందు పోగైన జనం దానికంటే ప్రమాదం. కళ్ళు తర్వాత మంచినీళ్ళతో కడుక్కోండి. ఆస్తమా ఉన్నోళ్ళు ఇన్‌హేలర్ జేబులో లేకుండా అసలు ఇల్లు కదలొద్దు.

గొడవలు మన దేశం ఫుట్‌బాల్లో లేవా అంటారేమో. 1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గేలరీల్లో కొట్లాట మొదలై 16 మంది పోయారు, ఇప్పటికీ అక్కడ ఆ తారీకున వాళ్ళని తలుచుకుని రక్తదానం చేస్తారు. మీ పక్కన రెండు జట్ల వాళ్ళు బూతులు మొదలెట్టారంటే ఆపడానికి వెళ్ళొద్దు, చోటు మార్చండి.

ఆట అయ్యాక

ఈల వేసిన మొదటి పది నిమిషాలు కూర్చున్న చోటే కూర్చోండి, పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్ అప్పుడు విప్పండి. లేదా ఆఖరి ఐదు నిమిషాలు ఉండగానే లేవండి. మధ్యలో దిగొద్దు. మెట్లు దిగేటప్పుడు ఆఖరి నిమిషంలో గోల్ అని అరుపు వినపడినా వెనక్కి తిరగొద్దు. గ్లాస్గోలో ఐబ్రాక్స్ స్టేడియంలో 1971 జనవరి 2న 66 మంది పోయింది మెట్ల మీదే, ఆట అయిపోయి ఇంటికి వెళ్తూ వెళ్తూ, ఒకరు తూలితే పైనుంచి వచ్చేవాళ్ళు వరసగా మీద పడ్డారు. మెట్ల మీద రెయిలింగ్ పక్కనే దిగండి, సెల్ఫీ వద్దు.

ఎవరైనా పడిపోయి కదలకుండా ఉంటే

108కి, లేదంటే 112కి ఫోన్, గ్రౌండ్ పేరు, ఏ గేటు దగ్గరో చెప్పండి. మనిషిని తోపుడు లేని చోటుకి తెచ్చి వెల్లకిలా పడుకోబెట్టండి, మోసుకెళ్ళడానికి బల్ల చెక్కో ఫ్లెక్సీ ఫ్రేమో ఏది దొరికితే అది, హిల్స్‌బరోలో అభిమానులు ప్రకటనల బోర్డులు పీకి వాటి మీదే మోశారు. పిలిస్తే పలకట్లేదు, ఊపిరి సరిగ్గా ఆడట్లేదు అంటే ఛాతీ మధ్యలో అరచేతి అడుగు భాగం, మణికట్టు పక్కది, ఆనించి దాని మీద రెండో చెయ్యి పెట్టి గట్టిగా నొక్కండి, పెద్దోళ్ళకి రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. గాలి ఆడక పడిపోయిన మనిషి కాబట్టి, మీకు తెలిసుంటే 30 నొక్కులకి 2 సార్లు నోట్లో ఊదండి, తెలీకపోతే నొక్కడం ఆపొద్దు. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నీళ్ళు పోయొద్దు నోట్లో. మన జనం చేసే మొదటి పని అదే, నీళ్ళు తాగించడం.

నలిగి బయటికొచ్చి "నాకేం కాలేదు" అన్నోళ్ళని కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. గంటల తర్వాత ఊపిరి తీస్తే గుచ్చినట్టు నొప్పి, ఒంటేలు టీ డికాషన్ రంగులో రావడం, తొడలు పిక్కలు వాచి గట్టిపడటం, ఇవి కనపడితే ఆలస్యం చేయొద్దు. కండలు నలిగితే దాని దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. బరంపురం దగ్గరైతే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది, దూరమైతే ముందు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి.

కమిటీ కుర్రాళ్ళకి

ముందు లెక్క. బ్రిటన్‌లో స్టేడియాలకి వాడే లెక్క ప్రకారం మీటరు వెడల్పు దారిలోంచి, నేల చదునుగా ఉంటే, నిమిషానికి 82 మంది బయటికి రాగలరు, మెట్లయితే 66. మొత్తం జనం 8 నిమిషాల్లో బయటపడాలి అనుకుంటారు. మీ ఫైనల్‌కి 3000 మంది వస్తారనుకోండి, 3000ని 8తో భాగించి 82తో భాగిస్తే 4.6 మీటర్లు, అంటే పదిహేనడుగుల గేటు కావాలి, అదీ అడ్డం ఏమీ లేకుండా. మీ గ్రౌండ్‌కి ఉన్నది ఆరడుగుల గేటు ఒకటే అయితే 20 నిమిషాలు పడుతుంది, పిల్లలు, ముసలాళ్ళు, చీకటి, బురద ఇవి కలిపితే ఇంకా ఎక్కువ. ఒక గేటు మూసుకుపోతే ఏంటి అన్నది కూడా ఉంది, అందుకే పదిహేనడుగులు ఒకే చోట కాకుండా రెండు మూడు చోట్ల, గ్రౌండ్‌కి వేరే వేరే వైపుల పెట్టండి.

దడి కట్టేటప్పుడే రెండు చోట్ల ఊడదీసే భాగం పెట్టండి, తాడు ముడి లాగితే పడిపోయేలా, మేకులు కొట్టొద్దు. టికెట్ లేనోళ్ళు దూరతారని భయం కదా, అక్కడ ఇద్దరు కుర్రాళ్ళని కుర్చీలేసి కూర్చోబెట్టండి, తాళం కంటే మనిషి నయం. గేటు తలుపులు బయటికే తెరుచుకోవాలి, లోపలికి తెరుచుకునే తలుపుని జనమే ఒత్తి మూసేస్తారు. లోపలికి రావడానికొకటి, బయటికి పోవడానికొకటి. 2025 నవంబర్ 1న మన పక్కనే కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో ఏకాదశి రోజు 9 మంది పోయారు, ఇరుకు మెట్ల దారి, విరిగిన రెయిలింగ్. అది గుడి, ఇది గ్రౌండ్ అనకండి, మెట్లకి తేడా తెలీదు.

బైకులకి వేరే పొలం మాట్లాడండి, గేటు నుంచి రోడ్డు దాకా సున్నంతో రెండు గీతలు గీసి మధ్యలో ఏ బండీ రాకూడదని చెప్పండి, అంబులెన్స్ దారి కూడా అదే. లైట్లన్నీ ఒకే జెనరేటర్ మీద పెట్టొద్దు, గేటు దగ్గర లైటు వేరే బ్యాటరీ మీద ఉండాలి, కరెంటు పోయిన క్షణంలో జనం ఏం చేస్తారో మీకు తెలుసు. ఫైనల్లో బాణసంచా వద్దు, 2025 ఫిబ్రవరిలో మలప్పురం వైపే ఒక గ్రౌండ్లో రాకెట్లు జనంలోకి దూసుకొచ్చి కొంతమందికి కాలిన గాయాలయ్యాయి. ఠానాకి రాసిచ్చే కాగితంలో ఎంతమంది వస్తారో నిజం రాయండి, తక్కువ రాస్తే ఇద్దరు కానిస్టేబుళ్ళే వస్తారు.

మైకు పట్టుకునే కుర్రాడికి కామెంటరీ బాగా రావడం ఒక్కటే చాలదు, ఆట ఆపించే అధికారం కూడా వాడి చేతిలో పెట్టండి. రిఫరీకి ముందే చెప్పుంచండి, మైకులో ఫలానా మాట వస్తే ఈల వేసి ఆపేయాలని. గేటు బయట జనం ఇంకా ఉంటే మొదలెట్టడం పదిహేను నిమిషాలు ఆపండి, ఆపుతున్నామని బయటోళ్ళకి వినపడేలా తెలుగులో, ఒడియాలో, కుదిరితే సవరలో చెప్పండి, లేకపోతే ఆపినా ఉపయోగం లేదు. ఎమ్మెల్యే గారు కప్పు ఇవ్వడానికి వస్తే ఆయన బొలెరో ఆ బయటికెళ్ళే గేటుకి అడ్డంగా పెడతారు, డ్రైవర్‌తో మాట్లాడే పని ఒకరికి ముందే అప్పగించండి, కాస్త గడుసోడికి.

ఆఖరుగా టికెట్ల పుస్తకం. నిలబడే జాగా కొలవండి, మీటరు గడికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు చొప్పున లెక్కేసి అన్ని టికెట్లే అచ్చు వేయించండి, గేటు దగ్గర చింపిన ముక్కలు డబ్బాలో వేయించి గంటకోసారి లెక్కపెట్టించండి, నంబర్ రాగానే గేటు బయట బోర్డు పెట్టేయండి. ఇంకా క్యూలో టికెట్ కొనుక్కుని నిలబడ్డోళ్ళుంటే డబ్బులు వాపస్ ఇచ్చి పంపండి, ఆ డబ్బులు ఎక్కడివి అంటే సన్మానాల శాలువాల బడ్జెట్‌లోంచి తీయండి.